శివరాత్రి ఆటులో విశాఖ రాళ్ళ మీద

శివరాత్రి

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ విశాఖ చేరేసరికి మధ్యాహ్నమైంది. మా అక్కావాళ్ళింట్లో శివరాత్రి అంటే ఉపవాసమే, చిన్నాపెద్దా తేడా లేదు. ఆ సంగతి తెలిసే తునిలో ఇడ్లీ పొట్లం కొనుక్కుని ముందుజాగ్రత్త పడ్డాను. పెదవాల్తేరులో ఇంటి మెట్లెక్కగానే మేనకోడలు నా చేతిలో ఒక కాగితం పెట్టింది. చూస్తే ఆటుపోట్ల టైములు.

“మామయ్యా, కైలాసగిరీ సబ్‌మెరైనూ నువ్వు చూసినవే. ఈసారి నేను చూపించేవి చూడు. పాత చెప్పులు తెచ్చుకున్నావా?”

ఆ అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో జువాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. సరిగ్గా శివరాత్రికే రమ్మని ఎందుకు పట్టుబట్టిందో ఆ కాగితం చూశాకే అర్థమైంది. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి, తెల్లారితే అమావాస్య. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి. ఆ లాగుడుకి సముద్రం మామూలు కన్నా ఎక్కువ పొంగుతుంది, అంతే ఎక్కువ వెనక్కి తగ్గుతుంది. రోజూ నీళ్ళ కింద ఉండే రాళ్ళు ఆ కాసిని రోజులే బయటపడతాయి. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ వైపు పోటుకీ ఆటుకీ తేడా పది మీటర్లు దాటుతుంది. విశాఖలో మహా అయితే మీటరున్నర. ఆ మీటరున్నర మేరలో ఎన్ని ప్రాణులు బతుకుతున్నాయో చూడాలనే ఈ ప్రయాణం.

సాయంత్రం బావగారు అప్పికొండ సోమేశ్వరుడి దర్శనానికి వెళ్ళారు. అక్క జాగారం. నేను తొమ్మిదింటికే పడుకున్నాను.

అమావాస్య

పొద్దున ఆర్కే బీచ్‌లో ఇసక వేస్తే రాలనంత జనం. జాగారం చేసినవాళ్ళంతా సముద్ర స్నానానికి దిగారు. మాకు అక్కడ పని లేదు. ఆటుకి నీళ్ళు పూర్తిగా తగ్గేది మధ్యాహ్నం కాబట్టి తీరిగ్గా భోంచేసి తెన్నేటి పార్కు కిందికి బయల్దేరాం. 2020 అక్టోబరులో బంగ్లాదేశ్ ఓడ ‘ఎంవీ మా’ కొట్టుకొచ్చి ఆగిపోయింది ఈ ఒడ్డునే. అప్పట్లో ఊరంతా వచ్చి ఫొటోలు దిగింది. ఓడ ఆగిన చోట రాళ్ళ మధ్య ఏముందో చూసినవాళ్ళు తక్కువ.

రాళ్ళన్నీ ఖొండలైట్, తూర్పు కనుమల రాయే సముద్రం దాకా దిగింది. పైవరసలో బార్నకిల్స్ అనే చిన్న గట్టి గుల్ల జీవులు, వాటితోపాటు రాతికి అతుక్కున్న ఆల్చిప్పలు. చెప్పుల్లేకుండా అడుగు పెడితే అరికాలు కోసుకుపోవడం ఖాయం. ఇంకాస్త కిందికి దిగితే పచ్చటి నాచు, జారుడు. దాని కింద గుంటలు. నీళ్ళు వెనక్కి పోయినా ఈ గుంటల్లో కొంత మిగిలిపోతుంది, దాంతోపాటు ప్రాణులూ మిగిలిపోతాయి.

మొదటి గుంటలో సీ అనిమోన్లు, పూలలా కనిపించే జంతువులు. ఒక్కోటి రూపాయి బిళ్ళంత, చుట్టూ స్పర్శకాలు, అంటే తడిమి పట్టుకునే సన్నటి చేతులు, విప్పుకుని ఉన్నాయి. మేనకోడలు చెప్పినట్టే వేలి చివరతో ఒకదాన్ని మెల్లిగా తాకాను. వేలు అంటుకుపోయింది. వెనక్కి లాగితే సన్నగా పట్టి లాగి వదిలింది.

“జిగురు కాదది. నిన్ను పొడిచింది,” అంది నవ్వుతూ. “నీ వేలి తోలు మందం కాబట్టి బతికిపోయావు.”

స్పర్శకాల నిండా దంశకణాలు, అంటే కుట్టే కణాలు ఉంటాయి. ఒక్కో కణంలో చుట్టచుట్టి పెట్టిన దారం, దాని మొదట్లో ముల్లు. తాకిడి తగలగానే అది బయటికి దూసుకొస్తుంది. వీటి చుట్టమైన హైడ్రా అనే చిన్న నీటి జీవిలో ఈ పేలుడు వేగాన్ని కొలిస్తే ముల్లు బయటికి రావడానికి సెకనులో పది లక్షలవ వంతు కూడా పట్టలేదు. అయితే నాకు ఇంతకన్నా ఆశ్చర్యమనిపించింది ఇంకొకటి. మేనకోడలు చిన్న గులకరాయి వేసింది, అనిమోన్ పట్టించుకోలేదు. చచ్చిన రొయ్య తోక ముక్క వేసింది, స్పర్శకాలన్నీ ముడుచుకుంటూ దాన్ని నోటి వైపు తోశాయి. ఒట్టి తాకిడికి దంశకణం అంత తేలిగ్గా పేలదు. తగిలినదాని రుచి కూడా తెలిస్తే అప్పుడు దాని పని అది చేస్తుంది. మెదడు లేదు, కళ్ళు లేవు, ఒళ్ళంతా పరుచుకున్న నరాల వల ఒక్కటే. దానికే రాయేదో రొయ్యేదో తెలుస్తోంది.

ఇంకో నాలుగు రాళ్ళు దాటాక, మోకాలి లోతు కూడా లేని గుంట దగ్గర కూర్చోబెట్టి “చూడు” అంది. నాకు నాచు తప్ప ఏమీ కనిపించలేదు. కాసేపు కదలకుండా చూస్తే ఆ నాచులో ఒక భాగం నడుస్తోంది. అరచేతి పొడవుంది. గోధుమ రంగులో కలిసీ కలవని పచ్చదనం, ఒంటి మీద నల్ల అంచున్న చిన్నచిన్న గుండ్రటి మచ్చలు. సముద్ర కుందేలు. శాస్త్రం పేరు ఎప్లీసియా. నత్త జాతిదే గానీ పైన గుల్ల కనిపించదు, పల్చటి పెంకు ఒకటి వీపు లోపల దాగి ఉంటుంది.

తల మీద నిలువుగా రెండు కొమ్ములు, చివర్లు చీలి చుట్టుకుని ఉన్నాయి. కుందేలు పేరు వచ్చింది వాటివల్లే. నోటికి అటూఇటూ ఇంకో రెండు, ఇవి వెడల్పుగా, మెత్తగా. తోటలో నత్తకైతే పొడుగు కొమ్ముల చివర కన్నుంటుంది. దీని కళ్ళు కొమ్ముల మొదలు దగ్గర ఉన్నాయి, ఆవగింజ కన్నా చిన్న నల్ల చుక్కలు. వెలుగేదో చీకటేదో తెలుసుకోవడానికి పనికొస్తాయి, బొమ్మ కట్టడానికి చాలవు.

“మరి ఆ కొమ్ములెందుకు?”

“అవి ముక్కులు మామయ్యా. రైనోఫోర్లంటారు. నీళ్ళలో కొట్టుకొచ్చే వాసన పట్టేది వాటితో. కింద జత ఉందే, వాటితో తడిమి రుచి చూస్తుంది. దూరం సంగతి పైవి చూసుకుంటాయి, దగ్గర సంగతి కిందివి.”

ఆ మాట విన్నాక చూస్తే దాని నడకే వేరుగా కనిపించింది. రెండంగుళాలు జరుగుతుంది, ఆగుతుంది, తల కుడికీ ఎడమకీ తిప్పుతుంది. కింది జత నేలని, నాచు అంచుని ముట్టుకుంటూ పోతోంది. పై జత మాత్రం నీళ్ళలో నిలబడి ఉంది. ఒక చోట నాచు అంచు కింది జతకి తగిలింది. అంతే, అక్కడే తల దించి మేత మొదలుపెట్టింది. దాని ముఖానికి ఎదురుగా నేనెంత వంగినా నా ఉనికే లెక్కలేదు. దాని ప్రపంచంలోకి వాసన వేస్తేనే మనం ఉన్నట్టు.

పక్క గుంటలో రాతి అంచుకి పసుప్పచ్చటి సేమ్యా ముద్ద. దీని గుడ్లట. పొడుగాటి దారం ఉండలా చుట్టి ఉంది, లోపల లక్షల్లో గుడ్లు. వాటి దగ్గరికే మరో రెండు కుందేళ్ళు చేరి ఉన్నాయి. గుడ్లు పెట్టేటప్పుడు అట్రాక్టిన్ అనే ప్రోటీన్ నీళ్ళలోకి విడుదలవుతుంది. ఆ వాసన పట్టుకుని చుట్టుపక్కల కుందేళ్ళన్నీ అక్కడికే వస్తాయి, జత కడతాయి, అక్కడే గుడ్లు పెడతాయి. ప్రతిదీ ఆడా మగా రెండూ. ఒకదాని వెనక ఒకటి గొలుసు కట్టడం కూడా మామూలే.

దీని రక్షణ కూడా ముక్కుకి సంబంధించిందే. బెదిరిస్తే ఊదారంగు సిరా వదులుతుంది. ఆ రంగు తను తిన్న ఎర్ర నాచులోంచి తయారవుతుంది, ఆ నాచు దొరక్కపోతే సిరా ఊదాగా రాదు. సిరాతోపాటు ఓపలీన్ అనే తెల్లటి జిగట పదార్థం కూడా వస్తుంది. కుందేలుని పట్టుకున్న లాబ్‌స్టర్ మీద ఇవి పడ్డాయనుకోండి, వాటిలోని అమైనో ఆమ్లాలు దానికి తిండి వాసనగా తగులుతాయి. అది చేతిలో ఉన్నదాన్ని వదిలేసి సిరా మబ్బుని తినబోతుంది. పైగా జిగట దాని మీసాలకి అంటుకుని వాసన పట్టే కణాల్ని మూసేస్తుంది. శత్రువు కళ్ళలో కారం కొట్టడం మనకి తెలుసు. ముక్కుతో బతికే లోకంలో కొట్టాల్సిన చోటు ముక్కే.

సిరా చూద్దామని నాకు లోపల సరదాగానే ఉంది. మేనకోడలు ఒప్పుకోలేదు. “తయారు చేసుకోవడానికి దానికి ఎంత తిండి కావాలో తెలుసా? మన రీల్ కోసం వద్దు.” సరేనన్నాను. మా ఎదుటే ఇద్దరు కుర్రాళ్ళు కర్రతో ఇంకో కుందేలుని పొడవబోతుంటే మాత్రం ఆ అమ్మాయి గొంతు పార్కు దాకా వినిపించింది.

ఈ మెత్తటి జీవే ఒకాయనకి నోబెల్ తెచ్చిపెట్టింది. ఎరిక్ కాండెల్ అమెరికాలో ఎప్లీసియా మీద ఏళ్ళ తరబడి పనిచేసి, జ్ఞాపకం నరాల మధ్య అతుకుల్లో ఎలా నిలుస్తుందో చూపించాడు. 2000లో వైద్యశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనొకడు. కుందేలుకి ఉన్నవి ఇరవై వేల న్యూరాన్లే, అంటే నరాల కణాలే. కానీ కొన్ని కంటికి కనిపించేంత పెద్దవి, ఒక్కో కణానికి తీగ గుచ్చి చూడొచ్చు. మొప్పల దగ్గర గొట్టాన్ని తాకితే అది మొప్పల్ని లోపలికి లాక్కుంటుంది. ఊరికే తాకుతూ ఉంటే కొన్నిసార్ల తర్వాత లాక్కోవడం మానేస్తుంది. తోక మీద చురుక్కుమనే షాక్ ఇచ్చి మళ్ళీ తాకితే ఇంకా గట్టిగా లాక్కుంటుంది. నేర్చుకోవడం అంటే ఏమిటో అక్కడ మొదలుపెట్టి వెతికాడాయన.

చీకటి పడ్డాక పైకొచ్చి మొక్కజొన్న పొత్తులు తిన్నాం. కాల్చిన పొత్తు వాసన రోడ్డవతల నుంచే తగిలింది. మేనకోడలు “చూశావా, నీకూ రైనోఫోర్లున్నాయి” అని వెక్కిరించింది.

పాడ్యమి

ఆటు రోజుకి ముప్పావుగంట పైనే ఆలస్యమవుతుంది. అంటే పొద్దుటి పూటంతా ఖాళీ. తెల్లవారకుండానే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాం. మరపడవలు ఒడ్డు చేరుతున్నాయి, గంపలు దిగుతున్నాయి, వేలం పాట చెవులు గింగుర్లెత్తిస్తోంది. కానాగంతలు, సావిళ్ళు, కవ్వళ్ళు, చందువలు. రొయ్యల గుట్టలు.

ఒక గంపలో గులాబి రంగు గులివిందలు. మేనకోడలు ఒకదాన్ని తీసి గడ్డం కిందికి గోరు పెట్టి లాగింది. గాడిలోకి ముడుచుకుని ఉన్న రెండు మీసాలు బయటికొచ్చాయి. బతికున్నప్పుడు ఇవి నిమిషం ఊరుకోవు. చేప ఇసక మీద ఈదుతూ మీసాల్ని ముందుకి చాపి గెలుకుతూ పోతుంది. వాటి నిండా రుచి మొగ్గలు. ఇసకలో పురుగు తగిలిన రుచి వస్తే అక్కడే మూతి పెట్టి తవ్వుతుంది.

“ఏటి బాబూ, అలా సూత్తన్నారు? కొంటారా, పొటోకా?” గంప యజమానురాలు అడిగింది.

“కొంటామమ్మా. మీసాలు చూస్తున్నాం.”

“మీసాల్లేకపోతే దానికి కూడెక్కడిది? బురదలో ఆటితోనే ఎతుక్కుంటాది.”

నేను నిన్నంతా పాఠం చెప్పించుకుని నేర్చుకున్నది ఈవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది. బేరం మాత్రం రూపాయి తగ్గించలేదు.

పక్క గంపలో జెల్లలు. వాటి మీసాలూ అంతే, బురద నీళ్ళలో కన్ను పనిచేయని చోట నాలుక బయటికి చాపుకుని తిరగడమే. జెల్ల మూతి మీదనే కాదు, ఒంటి తోలు మీద కూడా రుచి మొగ్గలుంటాయి. రెక్క ముళ్ళతో జాగ్రత్త, గుచ్చుకుంటే చేయి వాచిపోతుంది. స్క్విడ్‌ల దగ్గర ఇంకో సంగతి తెలిసింది. మనం అన్నిటినీ కలిపి చేతులంటాం గానీ ఎనిమిది మాత్రమే చేతులు, వాటి పొడవునా చూషకాలు, అంటే అతుక్కుని పట్టే చిన్న గిన్నెలు ఉంటాయి. మిగతా రెండూ పొడుగాటి స్పర్శకాలు, వీటికి చివర్లోనే చూషకాలు. వేటని చటుక్కున అందుకోవడానికి ఈ రెండూ, పట్టుకున్నాక వదలకుండా ఉండడానికి ఆ ఎనిమిదీ.

ఒక మూల చిన్న సొరచేప. ముట్టె మీద సూదితో పొడిచినట్టు రంధ్రాలు. ఇటలీ వైద్యుడు స్తెఫానో లొరెంజీని 1678లో వీటిని వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ప్రతి రంధ్రం వెనక జెల్లీ నిండిన గొట్టం. ఇసక కింద దాక్కున్న చేప కండరం కదిలితే పుట్టే అతి సన్నటి కరెంటు కూడా ఈ గొట్టాలకి తెలుస్తుంది. వాసన, రుచి, స్పర్శ అని మనం లెక్కపెట్టుకునే వరసలో దీనికి చోటే లేదు.

మధ్యాహ్నం మంగమారిపేట. భీమిలి దారిలో, తొట్లకొండ కింద. సముద్రం తొలిచిన సహజ శిలాతోరణం దగ్గర సెల్ఫీలకి క్యూ. దాన్ని దాటి నడిస్తే రాళ్ళు ఎవరికీ పట్టవు. గుంటల్లో సన్యాసి పీతలు ఎవరి గుల్లలు వాళ్ళు మోసుకుని తిరుగుతున్నాయి. వాటి పొడుగు మీసాల మధ్య ఇంకో పొట్టి జత టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. ప్రతి కొట్టుడూ మనం ముక్కుతో ఎగబీల్చి వాసన చూడడం లాంటిదే, ఎందుకంటే ఆ విదిలింపుతోనే మీసం మీది వెంట్రుకల మధ్యకి కొత్త నీళ్ళు వస్తాయి.

ఇవాళ అసలు వెతుకులాట న్యూడిబ్రాంక్ కోసం. కుందేలు తోబుట్టువే, గుల్ల పూర్తిగా వదిలేసిన రకం. రాతి చూరు కింద స్పాంజ్ అనే సముద్ర జీవి ఉన్న చోటల్లా మేనకోడలు తల కిందికి పెట్టి టార్చి వేసింది. మెడ పట్టేసింది, ఎండ మాడ్చేసింది, ఏమీ లేదు. ఇంక లేద్దామనుకుంటుంటే “మామయ్యా, ఊపిరి బిగబట్టి రా” అంది.

బొటనవేలి గోరంత. తెల్లటి ఒళ్ళు, అంచు చుట్టూ నారింజ గీత. తల వైపు రెండు బుడిపెలు, వెనక వీపు మీద చిన్న గుత్తి. టార్చి దగ్గరగా పెట్టి భూతద్దం ఇచ్చింది. ఆ బుడిపెలు నున్నగా లేవు. ఒక కాడ చుట్టూ సన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి వాలుగా పేర్చి ఉన్నాయి. కొంచెం చోటులో ఎంత ఎక్కువ నీళ్ళు తగిలితే అంత వాసన తెలుస్తుంది కాబట్టి ఆ పొరలు. అల చివర ఒకటి వచ్చి గుంటలో నీళ్ళు కదిలాయి. రెండు బుడిపెలూ చటుక్కున ఒంట్లోకి దిగిపోయాయి, వాటి చోట రెండు చిన్న గుంటలు మిగిలాయి. వెనక గుత్తి కూడా ముడుచుకుంది. ఆ గుత్తి మొప్పలు, మధ్యలో ఉండేది మలద్వారం. ఈ అమరిక ఎవరు చేశారో గానీ బాగా ఆలోచించి చేసినట్టు లేదు.

కాసేపటికి ముందుగా ఒక బుడిపె, తర్వాత రెండోది మెల్లిగా పైకి వచ్చాయి. ఒక్క ముక్కు బయట పెట్టి పరిస్థితి చూసుకుని రెండోది తెరిచిందనే నా అనుమానం. మేనకోడలు దీన్ని ఒప్పుకోదు.

ఆ నారింజ గీత ఎందుకో తెలుసుకోవాల్సిందే. స్పాంజ్‌లోని విషం తిని ఒంట్లో దాచుకుంటుంది, నన్ను తింటే చేదు అని రంగుతో చెబుతుంది. కానీ దీని కళ్ళు చర్మం కింద పూడిపోయిన రెండు చుక్కలు. ఎదురుగా ఇంకో న్యూడిబ్రాంక్ వచ్చినా దాని రంగు దీనికి కనపడదు. ఇంత అందమూ చేపల కోసమే. వీటిలోనే ఇంకో రకం అనిమోన్ల చుట్టాల్ని తిని, వాటి దంశకణాల్ని పేలనివ్వకుండా మింగి, తన వీపు మీద చేతివేళ్ళలా ఉండే బుడిపెల చివరికి చేర్చుకుంటుంది. నిన్న నన్ను పొడిచిన ఆయుధమే, దొంగసొత్తు.

అమెరికా పడమటి తీరంలో ట్రిటోనియా అనే న్యూడిబ్రాంక్ ఉంది. నీళ్ళు ఏ వైపు నుంచి వస్తున్నాయో అది రైనోఫోర్లతోనే పసిగడుతుంది. భూమి అయస్కాంత క్షేత్రాన్ని బట్టి దిక్కు మళ్ళుతుందని 1987లో ప్రయోగం చేసి చూపించారు. నాకు విశాఖలో ఇప్పటికీ బీచ్ రోడ్డు దాటితే దిక్కు తెలియదు.

రాత్రి అక్క గులివిందల పులుసు పెట్టింది.

విదియ

రాత్రికి తిరుగు రైలు. ఆటు సాయంత్రానికి జరిగింది. రుషికొండకి వెళ్ళాం. బీచ్‌లో జనం జనమే, మేం పక్కనున్న రాళ్ళ వైపు నడిచాం.

ఆక్టోపస్ దానంతట అదే కనిపించింది. ఒక పగులులోంచి చేయి బయటికొచ్చింది, చేయి మాత్రమే. పక్క పగులులోకి దూరి తడిమింది, అక్కడ్నించి రాతి కిందికి, అక్కడ్నించి నాచులోకి. తల బయటికి రానే లేదు. దాని ఒంట్లో ఉన్న యాభై కోట్ల న్యూరాన్లలో మూడింట రెండు వంతులు చేతుల్లోనే ఉంటాయి. కన్ను చాలా మంచిదే, రంగులు మాత్రం తెలియవు. కానీ పగులులో కన్ను ఏం చేస్తుంది? చూషకాల్లో ఉండే గ్రాహకాలు తాకిన దాన్నే రుచి చూస్తాయని, నీళ్ళలో సులువుగా కరగని పదార్థాల్ని కూడా గుర్తుపడతాయని 2020లో హార్వర్డ్ పరిశోధకులు తేల్చారు. చేయి పీతకి తగిలిందో రాయికి తగిలిందో చేతికే తెలిసిపోతుందన్నమాట. మా ఎదుట అది ఒక చిన్న పీతని పట్టుకుంది. చేయి వంగి పగులులోకి వెళ్ళిపోయింది, ఇంక బయటికి రాలేదు.

తిరిగి వస్తుంటే ఏడెనిమిదేళ్ళ పిల్లాడు గుంటలోంచి శంఖం తీయబోతున్నాడు. కోసుగా, గోధుమ రంగు మచ్చలతో చాలా అందంగా ఉంది. సన్నటి చివర నుంచి చిన్న గొట్టం బయటికి వచ్చి అటూఇటూ కదులుతోంది.

“ఒరేయ్, ముట్టుకోకు!” మేనకోడలు పరుగెత్తింది. పిల్లాడి నాన్నకి కోపం వచ్చింది. “శంఖమేగా అమ్మా! రోడ్డు మీద అమ్ముతున్నారు, నిన్ననే కొన్నాం.”

“అవి చచ్చినవి అంకుల్. ఇది కోన్ షెల్, బతికే ఉంది. ఆ గొట్టంతో నీళ్ళు పీల్చి వాసన చూస్తుంది. తర్వాత ఇంకో తొండం చాపి విషపు ముల్లుతో పొడుస్తుంది. ఈ జాతిలో పెద్ద రకాలు కొన్ని మనుషుల్ని చంపాయి, దానికి విరుగుడు మందు కూడా లేదు.”

ఆయన పిల్లాణ్ణి చంకలోకి లాక్కున్నాడు. ఈ జాతిలోనే ఒకదాని విషం నమూనాగా తీసుకుని తయారుచేసిన నొప్పి మందు 2004లో అమెరికాలో అనుమతి పొందిందని కూడా మేనకోడలు చెప్పింది గానీ ఆయన చెవికెక్కలేదు. గొట్టం వైపే చూస్తున్నాడు. మేం కదలబోతే ఆయనే వెంటపడ్డాడు. పోటు మొదలై నీళ్ళు పిక్కలు దాటేదాకా ప్రతి గుంట దగ్గరా ఆపి “ఇది కరుస్తుందా అమ్మా? దీనికి కళ్ళెక్కడ?” అని అడుగుతూనే ఉన్నాడు.